గట్టు మీద గడ్డి ఉంటేనే చెక్‌డ్యాంలో నీళ్లు
(పెద్దవూరలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా వరి పండిస్తోంది. డ్యాం మన పక్కనే ఉన్నా, కాలువ మట్టానికి పైనున్న చెలకలకూ తండాల భూములకూ ఆ నీళ్లు ఎక్కవు. మనకు వానే దిక్కు. బోరులో ఊరేదీ ఆ వాన నీళ్లే. అందుకే ఇవాళ చెక్‌డ్యాంల సంగతి పక్కనపెట్టి, వాటికి పైనున్న గట్ల గురించి మాట్లాడతాను.

ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 40 వేల లీటర్లు పడ్డట్టు. ఐదు సెంటీమీటర్ల గట్టి వాన పడితే రెండు లక్షల లీటర్లు. నేల బోడిగా ఉంటే చినుకు దెబ్బకు ఎర్రమట్టి పైపొర బిగుసుకుపోతుంది. నీళ్లు లోపలికి ఇంకవు. మట్టిని కోసుకుంటూ ఒర్రెలో పడతాయి. ఆ మట్టే చెక్‌డ్యాంను, కుంటను పూడుస్తుంది. సాగర్‌నే చూడండి. మొదట 408 టీఎంసీలు పట్టే జలాశయం, పూడిక వల్ల 312 టీఎంసీలకు తగ్గింది. ఆ పూడిక కృష్ణా పొడవునా కొట్టుకొచ్చింది, మన గట్లది అందులో కొంతే. కానీ మన కుంటలో జరిగేదీ అదే.

హనుమంతరావు కమిటీ సిఫారసులతో 1995 నుంచి వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. పని గట్టు మీద మొదలై పల్లానికి దిగాలన్నది ఈ పనుల మూలసూత్రం. ఆచరణలో చాలాచోట్ల సిమెంటు పని ముందు జరిగింది, గట్టు మిగిలిపోయింది. 2015లో హరితహారం వచ్చాక గుంతలు, మొక్కలు లెక్కపెట్టారు. మొక్క కోసం ఉన్న పొదను పీకితే అది నష్టమే.

గట్టు మీద ముందు రావాల్సింది గడ్డి. దాని వేళ్లు పైమట్టిని పట్టుకుంటాయి. తర్వాత పొద. బతుకమ్మకు పూలిచ్చే తంగేడును మేకలు పెద్దగా ముట్టవు, అందుకే అది నిలుస్తుంది. దాని చాటున, రేగు కంప చాటున వేప మొలక పశువు నోటికి అందకుండా పెరుగుతుంది. వెంపలి నేలకు నత్రజని ఇస్తుంది. మోదుగ, సీతాఫలం నరికినా మొదళ్ల నుంచి మళ్లీ చిగురిస్తాయి. రెండు మూడేళ్లు వాటిని వదిలేస్తే నర్సరీ ఖర్చు లేకుండానే చెట్లవుతాయి.

సర్కారు తుమ్మ సంగతి వేరు. మేకలు కాయలు తింటాయి, గింజలు పెంటికలతో ఊరంతా పడతాయి. పైన నరికితే ఇంకా గుబురుగా వస్తుంది. మొదలు దగ్గర తవ్వి వేరుతో తీయాలి. అయితే పేదల పొయ్యిలో కట్టె, బొగ్గు అదే. కనుక ఒక్కసారి కాకుండా ముక్కలు ముక్కలుగా తీసి, తీసినచోట ఆ వానకాలంలోనే స్టైలో, అంజన్ గడ్డి గింజలు చల్లాలి.

ఇక మేత. 2017లో ప్రభుత్వం యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. గొర్రెలిచ్చింది సరే, బంచరాయి ఏది? ఉన్నదాంట్లో ఆక్రమణలు పోగా మిగిలిన గట్టు మీదే అన్ని మందలూ పడుతున్నాయి. కాపరిని తరిమితే గట్టు నిలవదు. గట్టును మూడు భాగాలు చేసి, ఏడాదికి ఒక భాగం మూసి, అక్కడ గడ్డి కోసుకెళ్లడానికి మాత్రం అనుమతించాలి. ఏ భాగం ముందు మూయాలో కాపరులే చెప్పాలి.

సంఘం తరఫున మన డిమాండ్లు ఇవి:

1. బంచరాయి భూములు సర్వే చేసి హద్దులు పాతాలి.
2. చెక్‌డ్యాం మంజూరుకు ముందు దాని పైగట్టు పని పూర్తి చేయాలి.
3. నాటిన మొక్కల లెక్క కాదు, మూడో ఏడు బతికున్న వాటి లెక్క గ్రామసభలో చెప్పాలి.
4. సర్కారు తుమ్మ తవ్వకం, గడ్డి గింజలు చల్లడం ఉపాధి పనుల్లో చేర్చి కూలి ఇవ్వాలి.
5. గట్టు మూసిన కుటుంబాలకు ఆ ఏడాది మేత సబ్సిడీ ఇవ్వాలి.

ఐదోది లేకుండా నాలుగూ నిలవవు. పది మేకల మీద బతికే ఇల్లు ఊరి బోర్ల కోసం ఒంటరిగా ఎందుకు పస్తుండాలి? బోరున్న రైతులం మనమే ముందు ఆ మాట అడగాలి. తొలకరికి ముందే ప్రతి ఊళ్లో రైతులు, కాపరులు, కూలీలు కలిసి ఒకరోజు గట్టు ఎక్కండి. ఎక్కడ గడ్డి ఉంది, ఎక్కడ మట్టి కోసుకుపోతోంది రాసుకొని రండి. ఆ కాగితంతోనే మండల ఆఫీసుకు వెళదాం.