కోళ్లూ, కుక్కా, మేమూ

(2025 డిసెంబరు పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రిటైరయ్యాక ఎవరేం చేస్తున్నారో తలా పావుగంట చెప్పాలని కార్యదర్శి గారి ఆజ్ఞ. నాకంటే ముందు మాట్లాడినవాళ్లలో ఒకరు గుండె ఆపరేషన్ల గురించి చెప్పారు, ఒకరు డల్లాస్‌లో మనవల గురించి చెప్పారు. నేను బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చూసి బయటికొచ్చాను. ఇప్పుడు నా దగ్గర ఉన్న ఆస్తి ఏడు కోడిపెట్టలూ, ఒక కుక్కా. వాటి గురించి తప్ప నాకు చెప్పడానికి ఏమీ లేదు. వెనక వరుసలో నవ్వుతున్నవాళ్లు కాసేపు ఓపిక పట్టండి, చివర్లో మీతోనే పని ఉంది.

కోళ్లు పెంచడమంటే మన జిల్లాలో పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మమ్మ గారిది అవనిగడ్డ దగ్గర పల్లె. పొద్దుగూకితే కోళ్లను గంప కింద కమ్మడం, పొదుగుకొచ్చిన పెట్టకు గుడ్లు అమర్చడం, ఇరవై ఒక్క రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం మా సెలవుల్లో పని. వారం దాటాక చీకట్లో దీపం ముందు గుడ్డు పట్టుకుని చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనపడేవి. కనపడని గుడ్డును అమ్మమ్మ పక్కన పెట్టేసేది. మన సైన్సు మాస్టారు పిండాభివృద్ధి పాఠం చెప్పినప్పుడు క్లాసులో నాకు ముందే తెలిసిన సంగతి అదొక్కటే.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అప్పుడు మనం తొమ్మిదో తరగతి. ఆ తర్వాత కొన్ని రోజులకు దారులు తెరిచాక నాన్నతో అమ్మమ్మ గారి ఊరు వెళ్లాను. మనుషుల సంగతి ఈ సభలో చాలామందికి తెలుసు, మళ్లీ చెప్పను. నాకు గుర్తుండిపోయింది మర్నాటి తెల్లవారుజాము. నిద్ర పట్టలేదు. ఎప్పుడు తెల్లవారిందో తెలియలేదు. ఊరంతా ఒక్క కోడి కూయలేదు, ఒక్క కుక్క మొరగలేదు. అమ్మమ్మ మాత్రం అలవాటు కొద్దీ లేచి ఖాళీ గంప వైపు వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది.

రిటైరైన మూడో నెలలోనే నేను కోళ్లు తెచ్చానంటే కారణం అదేనేమో. మాది పాయకాపురంలో డాబా ఇల్లు, వెనక పది అడుగుల పెరడు. ముందు నాలుగు నాటు పెట్టలు, మూడు వనరాజాలు, ఒక పుంజు తెచ్చాం. వనరాజా అంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకం. నాటు పెట్టలాగే తిరిగి మేస్తుంది, గుడ్లు మాత్రం దానికంటే చాలా ఎక్కువ పెడుతుంది. కానీ పొదగదు. పొదగడం నాటు పెట్ట పని. మా ఇంట్లో వనరాజా గుడ్లను నల్లపెట్ట పొదుగుతుంది, పిల్లల్ని తనవేనని తిప్పుకుంటుంది. దత్తత గురించి మనం పెద్ద పెద్ద మాటలు మాట్లాడతాం గానీ, నల్లపెట్ట ఏమీ మాట్లాడదు.

కొత్తగా పెంచాలనుకునేవాళ్లకు ఒక్క మాట. కోళ్లకు మేత పెద్ద సమస్య కాదు. నూకలు, తవుడు, ఆకుకూర తుంపులు, గుడ్డు పెంకు గట్టిపడటానికి కాస్త ఆల్చిప్పల పొడి ఉంటే చాలు. పేలు పట్టకుండా ఒక మూల బూడిద కలిపిన ఇసుక పోస్తే అవే దొర్లి స్నానం చేస్తాయి. అసలు శత్రువు కొక్కెర తెగులు. రాణీఖేత్ అని డాక్టర్లు అంటారు. వచ్చిందంటే మెడ మెలికలు తిరిగి, రెండు మూడు రోజుల్లో పెరడు ఖాళీ. పిల్ల పుట్టిన మొదటి వారంలో కంట్లో ఒక్క చుక్క లసోటా మందు, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ ఇంజెక్షను. ఇంతే ఖర్చు. అలాగే ఈ ఏడాది ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు నేను నెలరోజులు కోళ్లను బయటికి వదల్లేదు. చచ్చిన పక్షిని చేత్తో ముట్టుకోకండి, పశువైద్యుడికి ఫోన్ చేయండి.

మరి మీరు కోడి తినరా అని ఇందాక కాఫీ దగ్గర ఒకాయన అడిగారు. పేరు పెట్టిన కోడిని కోయం. బజారు కోడి సంగతి దయచేసి అడక్కండి.

పుంజు విషయం వేరు. నాలుగింటికే కూత. పక్కింటివారు మంచివాళ్లు కాబట్టి మూడు నెలలు భరించారు. తర్వాత దాన్ని చల్లపల్లిలో మా పెద్దమ్మ కొడుక్కి ఇచ్చాం, పందేనికి పంపనని మాట తీసుకుని. అది ఎర్రటి డేగ. ఆ సంక్రాంతికే ఒకాయన వచ్చి పాతికవేలు చేతిలో పెట్టబోయాడట. అన్నయ్య ఇవ్వలేదు. వదిన మాత్రం నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

పందేల గురించి నా అభిప్రాయం సభలో చాలామందికి నచ్చదని తెలుసు. వచ్చే నెల బరుల దగ్గర మీలో కొందరు కనపడతారని కూడా తెలుసు. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతు అని ఈకల రంగును బట్టి మనవాళ్లు పెట్టిన పేర్లు ఎంత అందంగా ఉంటాయో! ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రమే ఉంది. పుంజుకు బాదంపప్పు పెడతారు, ఈత కొట్టిస్తారు, సొంత కొడుక్కి పట్టనంత ఒళ్లు పడతారు. ఆ తర్వాత కాలికి కత్తి కడతారు. ఆ ప్రేమకూ ఆ కత్తికీ మధ్య లంకె నాకు ఇంతవరకూ బోధపడలేదు. జంతువులను ఒకదానిమీదికి ఒకదాన్ని ఉసిగొల్పి పోట్లాడించడం 1960 చట్టం ప్రకారమే నేరం. అంటే మనం పుట్టక ముందు నుంచీ. సరే, ఇది పండగ సభ, ఇక్కడితో ఆపుతాను.

కుక్క విషయానికొస్తాను. నేను కుక్కను తెచ్చుకోలేదు. అదే వచ్చింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా కుండపోత. అందరం కృష్ణ వైపు చూస్తున్నాం. నిజానికి మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వెళ్లింది, బ్యారేజీ కట్టాక అంత వరద రాలేదు. కానీ మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు. బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు గుర్రపుడెక్క కప్పుకుని పడుకుంటుంది, మనం దాన్ని మురుగుకాలవ అనుకుంటాం. గండ్లు పడ్డాయి. పొద్దున ఏడింటికి వాకిట్లో చీలమండల దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి నడుము దాటాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, మా పాయకాపురం అన్నీ చెరువైపోయాయి.

మా ఆయనా నేనూ ముందు చేసిన పని కోళ్లను రెండు గంపల్లో డాబా మీదికి చేర్చడం. ఫ్రిజ్జు, టీవీ, మా అబ్బాయి పెళ్లి ఆల్బమ్ కింద ఉండిపోయాయి. ఆయన ఇప్పటికీ ఆల్బమ్ గురించి అంటూనే ఉంటారు.

మూడింటప్పుడు సందులోంచి ఒక గోధుమరంగు కుక్క ఈదుకుంటూ వచ్చి మా మెట్లు పట్టుకుంది. మెడలో తెగిన తాడు. ఎక్కడో కట్టేసి ఉంది, లాగీ లాగీ తెంపుకుంది. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నీళ్లు వస్తున్నాయని తెలిస్తే ముందు తలుగు విప్పండి. గేదెకైనా, మేకకైనా, కుక్కకైనా. మీరు తీసుకెళ్లలేకపోయినా దాని దారి అది చూసుకుంటుంది. ఆ వారంలో మా డాబా మీంచి చూసినవి నేను ఇక్కడ చెప్పను. తాడు తెంపుకోలేనివి అవి.

డాబా మీద ఇద్దరు మనుషులు, ఏడు కోళ్లు, ఒక ఆకలిగొన్న కుక్క. ఆ రాత్రి కుక్క కోళ్లనే చూస్తోంది, కోళ్లు కుక్కనే చూస్తున్నాయి, నేను రెండింటినీ చూస్తున్నాను. పాత చీర అంచు చింపి కుక్కను వాటర్ ట్యాంకు పైపుకు కట్టాను. ఆ మెడలోకి మళ్లీ తాడు వేయడానికి చేయి రాలేదు, కానీ తప్పదు. రెండో రోజు సాయంత్రం డ్రోను తెచ్చిన పొట్లాల్లో పులిహోర, పాలు, బిస్కెట్లు ఉన్నాయి. పులిహోర మాకూ కోళ్లకూ, బిస్కెట్లు కుక్కకు. కరెంటు లేదు, తాగే నీళ్లు పొదుపు. మూడో రోజున వనరాజా గంపలోనే గుడ్డు పెట్టింది. చుట్టూ లోకం మునిగిపోయినా దాని పని అది మానలేదు. ఎదురు డాబా మీద చంటిపిల్ల ఉంది. ఆ గుడ్డును మా గ్యాసు బండ మీద ఉడికించి, బకెట్‌లో పెట్టి, పడవవాళ్ల చేత పంపాం.

గండ్లు మూడూ పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. నీళ్లు తీశాక కుక్క కోసం ఎవరైనా వస్తారని గేటుకు అట్టముక్క మీద రాసి కట్టాను. సందులన్నీ తిరిగాను. ఎవరూ రాలేదు. బుడమేరు తెచ్చింది కాబట్టి బుడమ అని పేరు పెట్టాం. బుడమకాయ అనుకుని మా మనవరాలు చాలారోజులు నవ్వింది.

గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించాం, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాం. కోళ్లతో కలపడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. మొదట గొలుసుతో పట్టుకుని దూరంగా కూర్చోబెట్టేదాన్ని. కోడి పరుగెత్తితే కుక్కకు తరమాలనిపిస్తుంది, అది దాని పుట్టుక, దాని తప్పు కాదు. కోడి కదిలినా కదలకుండా ఉంటే ఒక ముక్క చపాతీ. కదిలితే కోప్పడటం లేదు, కొట్టడం లేదు, ఇంకాస్త దూరం జరపడమే. రోజుకో అడుగు దగ్గర. చివరికి నల్లపెట్ట ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. నా రెండు నెలల పాఠం ఒకెత్తు, ఆ పోటు ఒకెత్తు. ఇప్పుడు రాత్రిపూట ముంగిస గూడు దగ్గరికొస్తే బుడమే లేపుతుంది. అయినా పగలు నేను పెరట్లో లేనప్పుడు వాటిని ఒకచోట వదలను. నమ్మకం నమ్మకమే, కుక్క కుక్కే.

కుక్కంటే భయపడేవాళ్లను చూసి నేను నవ్వను. మన చిన్నప్పుడు కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆ మాట వింటేనే జ్వరం వచ్చేది. గొర్రె మెదడుతో చేసిన ఆ మందును మన దేశంలో 2004 చివరికి ఆపేశారు. ఇప్పుడు చేతికే వేస్తారు. కరిచిన రోజు, తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో. అంతకంటే ముందు పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే గోరు గీరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఉపాధ్యాయులు ఇక్కడున్నారు కాబట్టి మరీ చెబుతున్నాను, పిల్లలు తిడతారని ఇంట్లో చెప్పరు.

ఇక అసలు పని. 2001 నిబంధనలైనా, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలైనా చెప్పేది ఒకటే: వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. చెవి కొన కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిందని గుర్తు. ఈ ఏడాది ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ ఉన్నవి, మీదపడేవి తప్ప మిగతావాటిని అలాగే వదలమంది. కానీ నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో కుక్కలు ఉండకూడదనీ, పట్టుకెళ్లినవాటిని మళ్లీ అక్కడే వదలొద్దనీ ఆదేశించింది. చిన్నపిల్లలు తిరిగేచోట ఆ జాగ్రత్త సబబే. దాని మీద నాకు పేచీ లేదు.

అయితే మన బడి వంటగది వెనక ఒక తల్లి కుక్కా, నాలుగు పిల్లలూ ఉన్నాయి. మధ్యాహ్న భోజనం మిగులు తిని పెరిగాయి. ప్రధానోపాధ్యాయుల వారు నాకు ఫోన్ చేసి, సంక్రాంతి సెలవుల్లోగా వీటికి ఇళ్లు చూడమ్మా, లేకపోతే బండి వాళ్లను పిలవక తప్పదు అన్నారు. పిల్లలకు రెండు నెలలు నిండాయి, పాలు మానేశాయి. మొదటి టీకా నేనే వేయించాను. రెండు మగవి, రెండు ఆడవి. మగవి రెండూ ఇందాక టిఫిన్ల దగ్గరే కుదిరిపోయాయి. ఆడవాటిని ఎవరూ అడగలేదు. ఎందుకు అడగరో మనందరికీ తెలుసు. ఆపరేషన్ వయసు వచ్చాక ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా మా సంఘం ఒప్పుకోదని తప్పించుకోకండి. పెంపుడు కుక్క ఉండకూడదని తీర్మానం చేసే హక్కు ఏ సంఘానికీ లేదని జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది.

భోజనాలయ్యాక సైకిల్ షెడ్ దగ్గరికి రండి, ఊరికే చూడటానికైనా సరే. డెబ్భై దాటినవాళ్లు, ఎక్కువ ఊళ్లు తిరిగేవాళ్లు తీసుకోవద్దు, కుక్క పన్నెండు పద్నాలుగేళ్లు బతుకుతుంది.

తల్లిని నేను తీసుకెళ్తున్నాను. మా ఆయనకు చెప్పాను. కోళ్లకు ఇంకా చెప్పలేదు.