గుట్ట మీద క్లాస్: 25 మీటర్ల తాడు, ఒక ఇనుప మేకు

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు. రాళ్ళ గురించి మాట్లాడుకుందాం. స్కిప్ చేయకండి, ప్లీజ్.

మా అక్క సర్కారు బడిలో టీచర్. "తమ్ముడూ, నాలుగో తరగతి పిల్లలకు కొండలు ఎలా పుట్టాయో చెప్తావా?" అని అడిగింది. నేను 40 స్లైడ్‌ల పీపీటీ, యానిమేషన్లతో వెళ్ళాను. పదో స్లైడ్‌కే సగం మంది ఆవలింతలు. బీటెక్ చదువు అక్కడ పనికి రాలేదు!

మరుసటి శనివారం ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి, పిల్లలను ఖాజాగూడ గుట్టలకు తీసుకెళ్ళాం. ఇళ్ళల్లో చెప్పి ఒప్పించాం. ఎండ ముదరకముందే, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా. టోపీ, నీళ్ళ బాటిల్, బూట్లు. రూల్ ఒక్కటే: రాయి ఎక్కొద్దు, సందుల్లో చెయ్యి పెట్టొద్దు.

ముందు రాయిని దగ్గరగా చూడమన్నాను. గులాబీ రంగు గింజలు ఫెల్డ్‌స్పార్. గాజులా ఉన్నవి క్వార్ట్జ్. నల్లగా మెరిసేది మైకా, అంటే అభ్రకం. గోరుతో గీకితే అభ్రకం పొర లేచింది. ఇనుప మేకుతో గీసినా క్వార్ట్జ్ మీద గీత పడలేదు. పిల్లలు కేకలు!

"ఈ గింజలు ఇంత పెద్దగా ఎందుకున్నాయి?" అని అడిగాను. పటికబెల్లం గుర్తు చేశాను. పాకం నిదానంగా గడ్డకడితేనే పెద్ద పలుకులు వస్తాయి కదా. గ్రానైట్ కూడా అంతే. భూమి లోపల కరిగిన రాయి చాలా నెమ్మదిగా చల్లారి ఇలా అయింది. పైనున్నదంతా అరిగిపోయాక బయటపడింది.

మరి ఆ గుండ్రాళ్ళను ఒకదాని మీద ఒకటి ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు! రాతిలోని పగుళ్ళలోకి నీళ్ళు దిగుతాయి. మూలల్ని అన్ని వైపుల నుంచీ తింటాయి కాబట్టి అవి ముందు అరుగుతాయి, వాడిన సబ్బులాగా. మధ్యలో మెత్తబడి మట్టి అయింది కొట్టుకుపోతే, గుండ్లు మిగులుతాయి.

తర్వాత కింద చదునుగా ఉన్నచోట 25 మీటర్ల తాడు పరిచాం. ఒక మీటరు అంటే 10 కోట్ల సంవత్సరాలు. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు, అంటే తాడు మొత్తం. డైనోసార్లు పోయింది చివరి 66 సెంటీమీటర్ల దగ్గర. హిమాలయాలు లేవడం మొదలైంది చివరి అర మీటరులో. మనుషులు? చివరి 3 మిల్లీమీటర్లు! అక్కడ అందరూ సైలెంట్.

అప్పుడు ఒక పిల్లాడు మెల్లగా అడిగాడు: "అన్నా, మా నాన్న క్వారీలో రాయి కొడతాడు. కొట్టిన రాయి మళ్ళా పుడతదా?"

నాకు నోట మాట రాలేదు, ఫ్రెండ్స్. పుట్టదు, మన కాలంలో అయితే పుట్టదు. అదే చెప్పాను. "కానీ మీ నాన్న కొట్టిన రాయి లేకపోతే మన బడి గోడ లేదు, నేను వచ్చిన రోడ్డు లేదు, మా కిచెన్ గట్టు లేదు. తప్పు చేస్తున్నది మీ నాన్న కాదురా. ఏ గుట్ట ఉంచాలి, ఏది కొట్టాలి అని మనమందరం కూర్చుని ఆలోచించకపోవడమే తప్పు" అన్నాను. వాడు తల ఊపాడు గానీ, నాకే నా జవాబు సరిపోలేదు.

తర్వాతి వారం వాడు వాళ్ళ నాన్నను బడికి తీసుకొచ్చాడు. ఆయన ఒక రాయిని తిప్పి చూపించి, "ఇది ఎటు పగులుతదో ముందు చూసుకోవాలె. అటు ఉలి పెడితేనే మాట వింటది" అన్నారు. నేను స్లైడ్‌లో పెట్టిన పగుళ్ళ పాఠం ఆయన చేతుల్లో ఉంది! ఆరోజు క్లాస్ ఆయనే చెప్పారు. కొడుకు మొహం చూడాలి మీరు.

మీ ఊళ్ళో కూడా ఒక గుట్ట ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లల్ని తీసుకెళ్ళండి. ఒక మేకు, ఒక తాడు చాలు. రాయి తెలిసినవాళ్ళు దగ్గర్లో ఉంటే వాళ్ళనూ పిలవండి. ఏం చూశారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!