పిత్తాశయపు రాళ్ళు: నొప్పియు, శస్త్రచికిత్సకు సన్నాహమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దల పూనికతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండియు మన గ్రంథాలయములు పుస్తకములు దాచు గదులుగా మాత్రమే యుండలేదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పు చోటులుగా నుండినవి. మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు ఆ మర్యాదను నిలుపుకొన్నది. వైద్యుడనగుటచే నన్ను ఆరోగ్యవిషయ మొకటి చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. పెద్ద పెద్ద రోగములను గూర్చి మాటాడువారు పలువురు కలరు. నేను మన యిండ్లలో తరచుగా కనబడుచు, తరచుగా వేరొక పేరుతో పిలువబడుచున్న బాధను గూర్చి చెప్పదలచితిని. అది పిత్తాశయములోని రాళ్ళవలన కలుగు నొప్పి.

మన కాలేయము దినమునకు అర లీటరు మొదలు లీటరు వరకు పైత్యరసమును తయారుచేయును. అది తిన్న కొవ్వును జీర్ణింపజేయుటకు అవసరము. కాలేయము క్రింద చిన్న పొడుగు వంకాయవలె నొక సంచి వ్రేలాడుచుండును. అదియే పిత్తాశయము. అందు 30 మొదలు 50 మిల్లీలీటర్ల రసము పట్టును. మనము భుజించినప్పుడు ఆ సంచి ముడుచుకొని, నిలువయున్న చిక్కని రసమును నాళముగుండ ప్రేవులలోనికి పంపును. ఆ రసములో కొలెస్టరాల్ గాని, రక్తకణములు విరుగగా పుట్టు పచ్చని వర్ణకము గాని మితిమీరినను, సంచి సరిగా ఖాళీ కాకున్నను, అడుగున మడ్డి పేరుకొని క్రమముగా రాయియగును. స్త్రీలకు, అందును పలుమారు గర్భము ధరించినవారికి, స్థూలకాయులకు, మధుమేహము కలవారికి, వయసు మీరినవారికి ఈ రాళ్ళు ఎక్కువగా ఏర్పడును. కఠినోపవాసములు చేసి కొద్దికాలములో మిక్కిలి చిక్కిపోయినవారికిని ఏర్పడవచ్చును.

బియ్యములోని రాళ్ళు తినుటవలనను, టమేటా గింజలవలనను ఇవి పుట్టునని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. మరియొక పొరపాటు ఇంతకంటె పెద్దది. మూత్రపిండములలోని రాళ్ళును, పిత్తాశయపు రాళ్ళును ఒకటేయని తలచి, కొండపిండి ఆకు కషాయమును, అరటిదూట రసమును, బార్లీనీళ్ళను నెలల తరబడి త్రాగుచుందురు. మూత్రపు దారి వేరు, పైత్యపు దారి వేరు. ఎన్ని బిందెల నీరు త్రాగినను పిత్తాశయపు రాయి మూత్రముతో వెలుపలికి రాదు. నూనెయు నిమ్మరసమును కలిపి త్రాగించి, మరునాడు విరేచనములో పడిన ఆకుపచ్చని ఉండలను చూపి, రాళ్ళు పడినవని నమ్మబలుకు చికిత్స కూడ నొకటి ప్రచారములో నున్నది. ఆ ఉండలు త్రాగిన నూనె కడుపులో సబ్బువలె గట్టిపడగా ఏర్పడినవేగాని రాళ్ళు కావు. రాళ్ళను కరిగించు మాత్రలు కలవు గాని, అవి చిన్నవైన కొలెస్టరాల్ రాళ్ళకే కొంత పనిచేయును. మాసములు, సంవత్సరములు వాడవలెను. మానిన పిమ్మట పలువురికి రాళ్ళు మరల పుట్టును.

ఇక నొప్పి లక్షణము వినుడు. అది రొమ్ముక్రింది గుంటలో గాని, కుడి డొక్కలో ప్రక్కటెముకల క్రింద గాని పుట్టి, వీపునకో కుడి భుజమునకో ప్రాకును. పెండ్లిభోజనము వంటి కొవ్వుగల భోజనము చేసిన కొంతసేపటికి, తరచు రాత్రివేళ, ఆరంభమగును. అరగంట మొదలు కొన్ని గంటలు నిలిచి తగ్గును. వాంతి, వికారము తోడగును. ప్రక్కకు తిరిగినను, త్రేన్పు వచ్చినను శాంతింపదు. మనవారు దీనిని గ్యాసు అందురు. అంగడిలో మాత్ర కొని మ్రింగుదురు. నొప్పి తనంతట తగ్గగా మాత్ర గుణమనుకొందురు. ఇట్లు ఏండ్లు గడచును. ఇట్టి నొప్పి రెండుసార్లు వచ్చినవారు పరగడుపున ఉదరమునకు స్కానింగు చేయించుకొనుట మేలు. అది సూదిగాని కోతగాని లేని పరీక్ష. అయితే ఒక హెచ్చరిక. నడివయసు దాటినవారికి, మధుమేహులకు, రొమ్ములో బిగువు, చెమటలు, ఆయాసము తోడైన నొప్పి గుండెజబ్బు కావచ్చును. అప్పుడు రాళ్ళ మాట తలపెట్టక ముందు గుండెపరీక్ష చేయించవలెను.

స్కానింగులో రాళ్ళు కనబడినంతమాత్రమున అందరును శస్త్రచికిత్స చేయించుకొనవలెనా? అక్కరలేదు. వేరొక కారణమునకు తీసిన స్కానింగులో రాళ్ళు బయటపడి, ఎన్నడును నొప్పి ఎరుగనివారిలో ఎక్కువమంది జన్మమంతయు నిశ్చింతగా గడపుదురు. మిక్కిలి పెద్ద రాళ్ళు, సంచి గోడలో మార్పులు మొదలగు కొన్ని ప్రత్యేక స్థితులలో తప్ప వారికి కత్తితో పనిలేదు. కాని నొప్పి ఒకసారి మొదలైనవారికది మరల వచ్చుటయే సహజము. అట్టివారికి పిత్తాశయమును తీసివేయుటయే స్థిరమైన చికిత్స.

రాళ్ళు మాత్రము తీసి సంచిని ఉంచరాదాయని పలువురు అడుగుదురు. దీనికి సమాధానము 1882లోనే దొరకినది. ఆ సంవత్సరము జూలై 15వ తేదీన బెర్లిను నగరములో కార్ల్ లాంగెన్‌బుక్ అను శస్త్రవైద్యుడు మొట్టమొదటిసారి ఒక రోగి పిత్తాశయమును పూర్తిగా తొలగించెను. రాళ్ళున్నవని గాక, రాళ్ళను పుట్టించుచున్నదని ఆ సంచిని తీయవలెనని ఆయన వాదము. రోగి కోలుకొనెను. సంచి లేకున్నను మనుష్యుడు సుఖముగా జీవింపగలడని లోకమునకు తెలిసెను. తరువాత నూరేండ్లు పొట్టను పొడుగుగా కోసియే ఈ చికిత్స చేయుచు వచ్చిరి. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూయె, 1987లో ఫ్రాన్సులో ఫిలిప్ మూరే చిన్న రంధ్రములగుండ గొట్టము పంపి, సంచిని బయటికి తీయు పద్ధతిని ఆరంభించిరి. మన దేశమున 1990లో బొంబాయిలో డాక్టరు తెహెమ్‌టన్ ఉద్వాడియా దానిని ప్రవేశపెట్టెను. నేడు నెల్లూరు వంటి పట్టణములలో ఇది నిత్యము జరుగు చికిత్స.

శస్త్రచికిత్స దినము వచ్చువరకు నొప్పితో కాలము గడపుట ఎట్లు? ఒక్కసారిగా నిండుగ తినక, కొద్దికొద్దిగ వేళకు తినవలెను. వేపుళ్ళు, నేయి, మాంసపు కొవ్వు, కొబ్బరిపాలు తగ్గింపవలెను. మన తీరమున చేపల పులుసు మానుమనిన ఎవరును వినరు. మానుమని నేను చెప్పను. నూనె తేలకుండ వండుకొని మితముగ తినుడు. వేయించిన చేపను, రొయ్యల వేపుడును కొంతకాలము విడువుడు. నొప్పి భయముతో పస్తులుండరాదు. పస్తున్నచో సంచి కదలక రసము మరింత చిక్కబడును. నొప్పి వచ్చినప్పుడు ఏమియు తినక, వైద్యుడు ముందుగా వ్రాసియిచ్చిన నొప్పి మందు వాడవలెను. మూత్రపిండముల జబ్బు, కడుపులో పుండు కలవారికి కొన్ని నొప్పి మందులు కీడు చేయును గనుక అంగడివాని సలహా చాలదు.

ఇప్పుడు చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యము. నొప్పి ఐదారు గంటలు దాటినను, చలితో జ్వరము వచ్చినను, కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగై మలము తెల్లబడినను, వాంతులు ఆగకున్నను, నొప్పి వీపులోనికి దూసినట్లున్నను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. సంచి వాచి చీము పట్టియుండవచ్చును. రాయి జారి పైత్యనాళమునకు అడ్డుపడియుండవచ్చును. క్లోమగ్రంథికి వాపు వచ్చియుండవచ్చును. ఇవి ప్రాణాంతకములు. కన్నులు పచ్చబడగానే కామెర్లని పసరు పోయించుట, చేతులకు వాతలు పెట్టించుట మన పల్లెలలో నేటికిని కలదు. కొన్ని కామెర్లు తమంతట తగ్గునవగుటచే పసరునకు పేరు వచ్చినది. రాయి అడ్డుపడుటచే వచ్చిన కామెర్లు పసరునకు తొలగవు. అడ్డమును తొలగింపవలెను. పసరుకై పోయిన వారము దినములు కొందరికి ప్రాణముతో సమానము. ఇందుకు నోటిగుండ గొట్టము పంపి నాళములోని రాయిని తీయు సాధనము నేడు కలదు.

తొందర లేని చికిత్సకు దినము నిర్ణయించుకొనుటలో మనవారు ఎడగారు కోతలని, పిల్ల పెండ్లియని వాయిదా వేయుచుందురు. ఇంటి ఇల్లాండ్రు మరీయును. అందరికి వండిపెట్టి తమ నొప్పిని చివరికి చెప్పుకొందురు. ఆమె నొప్పియనినప్పుడు ఇంటివారు వినవలెను. పట్టపుపాళెముల సోదరులకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధకాలము. వైద్యుడు ఆగవచ్చునని చెప్పినచో ఆ దినములు చికిత్సకును విశ్రాంతికిని అనుకూలములు. ఆగరాదని చెప్పినచో వలను, పైరును ఎవరికైన నప్పగించి పోవుడు.

సన్నాహములో మొదటిది కాగితములు. స్కానింగు రిపోర్టులు, పాత చీటీలు, వాడుచున్న మందుల పేర్లు ఒకే సంచిలో నుంచుడు. మధుమేహము, రక్తపుపోటు, ఉబ్బసము, పాత శస్త్రచికిత్సలు, పడని మందులు, గర్భము సంగతి దాచక చెప్పుడు. రక్తమును పలుచన చేయు మాత్రలను, చక్కెర మాత్రలను ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు మరల మొదలిడవలెనో వైద్యునే అడుగుడు. మీయంతట మానకుడు. నాటు చూర్ణములు తినుచున్నచో అదియు చెప్పుడు. చుట్ట, బీడీ, సిగరెట్టు ఎన్ని వారములు ముందు మానిన అంత మంచిది. మత్తు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తులు అడ్డుతిరుగకుండును.

రెండవది డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీయను పేర ఆరంభమైన ప్రభుత్వ సహాయ పథకము పేర్లు మారుచు కొనసాగుచున్నది. మీ చికిత్స అందులో చేరునో లేదో ఆసుపత్రిలోని పథకపు సహాయకుని చేరుటకు ముందే అడుగుడు. నెల్లూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కలదు. 2014లో ఏర్పడిన ప్రభుత్వ వైద్యకళాశాల దానికి అనుబంధముగ నున్నది. ఇవి విచారింపక వడ్డీకి అప్పు తేకుడు.

మూడవది ఆ దినపు నియమము. సాధారణముగ ఆరు గంటల ముందునుండి అన్నము, పాలు కూడదు. మంచినీరు రెండు గంటల ముందు వరకు త్రాగనిత్తురు. మీ ఆసుపత్రివారు చెప్పిన వేళయే మీకు ప్రమాణము. ఆకలిగా నున్నదని దొంగచాటుగ ఇడ్లీ తినిపించు బంధువు మేలు చేయుటలేదు. మత్తులో అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. నగలు, మెట్టెలు, ముక్కుపుడక, కట్టుడు పండ్లు తీసివేయవలెను. తాళి తీయుటకు మనసొప్పని తల్లులు పసుపుకొమ్ము కట్టిన దారము ఉంచుకొనవచ్చునేమో ముందురోజే నర్సునడుగుడు.

సంతకము చేయు కాగితమును చదివించుకొని చేయుడు. చిన్న రంధ్రములతో ఆరంభించిన చికిత్సను, లోపల వాపు అంటుకొనియున్నచో, పెద్ద కోతతో ముగింపవలసి రావచ్చును. అది వైద్యుని చేతగానితనము కాదు, మీ క్షేమముకొరకు చేసిన నిర్ణయము. పైత్యనాళమునకు గాయమగుట వంటి చిక్కులు అరుదు గాని లేకపోలేదు. వానిని అడిగి తెలిసికొనుట మీ హక్కు.

చికిత్స ముగిసిన పిదప ఒకటి రెండు దినములు భుజము నొప్పి యుండవచ్చును. పొట్ట ఉబ్బించుటకు నింపిన వాయువువలన అది కలుగును. ఆ సాయంకాలమే మెల్లగ నడచుట మంచిది. పలువురు మరునాడే ఇల్లు చేరుదురు. తేలిక పనులు వారము పదిదినములలో చేసికొనవచ్చును. ధాన్యపు బస్తా మోయుట, వల లాగుట, పడవ నెట్టుట వంటివి వైద్యుడనుమతించువరకు, సుమారు నెల దినములు, కూడదు. కోత పెద్దదైనచో ఇంకను ఎక్కువ కాలము. జ్వరము, కామెర్లు, పొట్టవాపు, పెరుగుచున్న నొప్పి కనబడిన వెంటనే మరల పోవలెను. తీసిన సంచిని పరీక్షకు పంపిన రిపోర్టును మరువక తెచ్చుకొనుడు. కాలేయము రసమును తయారుచేయుచునే యుండును, అది నేరుగ ప్రేవులలో చేరును. కొందరికి కొన్నాళ్ళు విరేచనములు పలుచనగును. క్రమముగ అన్ని ఆహారములును తినవచ్చును.

చివరిగా గ్రంథాలయమువారికొక విన్నపము. ఆసుపత్రి చీటీలు చదువలేనివారు మన గ్రామమున ఇంకను కలరు. సాయంకాలము పత్రికలు చదువవచ్చు యువకులు, యువతులు అట్టివారి చీటీలను చదివి, ఏ మాత్ర ఎప్పుడో, ఏ దినమున మరల పోవలెనో, విడమరచి చెప్పుదురుగాక. మాత్ర మార్చుటకు గాని, రోగము తేల్చుటకు గాని పూనుకొనవలదు. చదివి చెప్పుట చాలును. నేను పైన చెప్పిన అపాయ లక్షణములను పెద్ద అక్షరములతో వ్రాసి వాకిట బల్లమీద అంటించినను ఉపకారమే. ఒక్కరైనను దానిని చూచి పసరు మాని రాత్రికి రాత్రే ఆసుపత్రి చేరిరేని, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.