బరువెక్కిన పరుగుబండ్లు

కాగితపు మిల్లు చుట్టూ పెరిగిన ఊరు కాగజ్‌నగర్. బరువు విలువ ఆ ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. కాగితం నాణ్యాన్ని చేతితో తడిమి చెప్పవచ్చును గాని, బేరం మాత్రం చదరపు మీటరుకు ఇన్ని గ్రాములన్న లెక్కమీదనే సాగుతుంది. రాసుకొనే కాగితం దళసరియై అట్టగా మారితే అది మేలురకం కాగితమైనదని ఎవరూ అనరు. వేరొక వస్తువైనదని అంటారు. పరుగుకోసం పుట్టిన ఖరీదైన మోటారు కార్లకు నేడు పట్టిన గతి ఇదే.

ఈ భేదం మన పల్లెలకు కొత్త కాదు. ధాన్యం మోసే బండి వేరు, సవారి కచ్చురం వేరు. కచ్చురం తేలికగా ఉంటేనే ఎడ్లు ఉరకగలవు. దానిపై పరుపులూ పెట్టెలూ పేర్చి, ఎడ్లు బలమైనవి గనుక లాగుతవిలే అనుకొంటే, లాగనూ వచ్చును. మలుపు తిరిగేటప్పుడు మాత్రం దాని సంగతి తోలేవానికి తెలిసివస్తుంది.

మెర్సిడెస్ వారి ఎస్.ఎల్. కారును చూడండి. ఆ రెండక్షరాలకు జర్మను భాషలో 'మిక్కిలి తేలిక' అని అర్థం. 1954లో అమ్మకానికి వచ్చిన ఆ కారు సుమారు 1,300 కిలోలు. 2021లో అదే పేరుతో వచ్చినది 1,900 కిలోలకు పైమాటే. బి.ఎం.డబ్ల్యు. వారి ఎం5 కారు 1980లలో 1,400 పైచిలుకు కిలోలుండగా, 2024లో బ్యాటరీ కూడా చేరి 2,400 కిలోలు దాటినది.

ఈ బరువంతా వ్యర్థమని అనరాదు. ప్రమాదంలో మనిషిని కాపాడే దృఢమైన చట్రం, గాలిసంచులు అవసరమైనవే. కాని మోటార్లతో కదిలే మెత్తని ఆసనాలు, చప్పుడు వినిపించనీయని దళసరి పొరలు, పెద్ద తెరలు కూడ వాటితోపాటు వచ్చి చేరినవి.

ఇంజను బలం పెంచితే సరిపోదా అని అడుగవచ్చును. తిన్నని దారిలో సరిపోతుంది. కాని బరువు రెట్టింపైతే, అదే వేగం నుండి ఆపటానికి బ్రేకులు హరించవలసిన శక్తి కూడ రెట్టింపవుతుంది. మలుపులో టైరుకుండే పట్టు, దానిపై పడిన బరువుకు సమానంగా పెరగదు. అందుచేత వెడల్పు టైర్లు, పెద్ద బ్రేకులు, పెద్ద చక్రాలు కావలసివస్తవి. అవీ బరువే. ఈ విధంగా ఒక బరువు మరొక బరువును పిలుస్తుంది.

బరువుతోపాటు మెత్తదనమూ వచ్చినది. రోడ్డు తీరు స్టీరింగు ద్వారా చేతులకు తెలియటం, ఇంజను స్వరం చెవికి సోకటం, ఇవే నడపటంలోని ఆనందమని రసికుల మాట. 2011 నాటి ఎం5లో ఇంజను ధ్వనిని లోపలి స్పీకర్లలో వినిపించే ఏర్పాటు చేశారు. బయటి ధ్వనిని మూసివేసి, లోపల దానిని కల్పించవలసివచ్చినదన్నమాట!

ధనవంతుల విచారం మనకెందుకని శ్రోతలు అనవచ్చును. ఖరీదైన కార్లలో పుట్టిన వాడుక క్రమంగా సామాన్యుల కార్లకు దిగుతుంది. 1983లో వచ్చిన మారుతి 800 సుమారు 650 కిలోలు. నేడు విరివిగా అమ్ముడుపోయే ఎత్తైన కార్లలో అనేకం వెయ్యి కిలోలు దాటినవి. ఆ అదనపు బరువుకు చమురు ఖర్చు కావాలి, టైర్లు అరగాలి. దారిన నడచే మనిషికి తగిలినప్పుడు ఆ ఫలితం మరీ కఠినం.

ఇది తప్పని విధి కాదు. 1989లో వెయ్యి కిలోల లోపు బరువుతో పుట్టిన మాజ్డా ఎం.ఎక్స్.5, 2015 నాటి నాలుగవ తరంలోను ఆ దరిదాపులనే నిలిచినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఇ విద్యుత్ కార్లు, నడిపేవానితో కలిపి సుమారు 850 కిలోలే. వాటి ముందుతరం కార్లకంటె తేలిక. పందెపు కారుకు దూరప్రయాణం లేదు గనుక చిన్న బ్యాటరీ చాలునన్నది నిజమే. అయినను, తేలికదనాన్ని నియమంగా పెట్టుకొంటే నిర్మాతలు దానిని సాధించగలరని ఆ పందెం తెలుపుతున్నది.

కొనేవారు అడగని గుణాన్ని అమ్మేవారు కాపాడరు. కారు బలమెంత, ధర ఎంత అని అడిగేవారు, దాని బరువెంత అని కూడ అడగటం నేర్చుకోవలెను.