తుపాకికి ట్రస్టు రాయవచ్చునా?
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను వీలునామాలు, ట్రస్టుల మీద మాట్లాడమన్నారు. ఇల్లు, పొలం, బ్యాంకు డిపాజిట్టు, ఈ మూడింటి సంగతి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అందుచేత నేను ఒక్క వస్తువును గురించే చెబుతాను. అది తుపాకి.

నవ్వకండి. మన నంబులపూలకుంట మండలంలో గాని, పక్కన గాండ్లపెంట, తనకల్లు వైపు గాని, గుట్టల కింద చేను ఉన్నవాళ్ల ఇళ్లలో పంట కాపుదలకని లైసెన్సు తీసుకున్న పాత తుపాకులు నాకు తెలుసు. ఇప్పుడు సోలారు పలకలు పరిచి ఉన్న నేలల పక్కనే ఒకప్పుడు శనక్కాయ చేలు ఉండేవి. రాత్రిపూట అడవి పందులు దిగితే తెల్లారేసరికి ఎకరా చేను దున్నినట్టు అయ్యేది. మా నాయనకు ఉన్నది అటువంటి తుపాకే. ముందు నుంచి మందు, గుడ్డపేలిక దట్టించి కాల్చేది. మా ఆఫీసు భాషలో ఎస్.బి.ఎం.ఎల్. నాకు తెలిసి ఆయన దానితో ఒక్క పందిని చంపలేదు. ఆకాశం వైపు పేల్చేవాడు. ఆ చప్పుడుకు పందులు పోయేవి, పక్క చేను వాళ్లకు మెలకువ వచ్చేది.

1979లో నాయన కాలం చేశాడు. లైసెన్సు మా పెద్దన్న పేరున వచ్చింది. 1981లో అన్నదమ్ములం ముగ్గురం భాగాలు పంచుకున్నాము. పారికత్తు రాసినది నేనే. నేను 1973లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరినవాణ్ణి. మెజిస్టీరియల్ సీటు చూసినవాణ్ణి. ఆయుధాల లైసెన్సుల ఫైళ్లు ఎన్నో నా చేతిమీదుగా పోయాయి. అటువంటి నేను ఆ పారికత్తు చివర ఒక వాక్యం రాశాను: "తుపాకి ఒకటి, ముగ్గురికిని ఉమ్మడి." బావి, కళ్లం, తుపాకి, మూడూ ఉమ్మడి. నాయన గుర్తుగా ఉంటుందని ముగ్గురమూ సంతోషంగా సంతకాలు పెట్టాము.

అన్న 2018 జనవరిలో పోయాడు. తుపాకి అటక మీద ఉండిపోయింది. దాన్ని ఎవరూ తాకలేదు, ఎవరూ దాని ఊసు ఎత్తలేదు. అన్నకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సేద్యం, నడిపివాడు కదిరిలో అంగడి, చిన్నవాడు బెంగళూరులో ఉద్యోగం. 2019 మార్చి 10వ తేదీన ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు. ఎన్నికలప్పుడు లైసెన్సుదారులు తుపాకులు స్టేషనులో అప్పగించాలన్నది మీకు తెలిసినదే. జాబితా పట్టుకొని కానిస్టేబులు ఇంటికి వచ్చి మా అన్న పేరు పిలిచాడు. "ఆయన పోయి పద్నాలుగు నెలలైంది సార్" అన్నాడు మా పెద్దోడు. "మరి తుపాకి?" అని అడిగాడు. పెద్దోడు పైకి చూపించాడు.

వాడు నాకు ఫోను చేసి, "చిన్నాయనా, మన తుపాకేకదా, మనింట్లో ఉంటే తప్పేముంది?" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కాళ్లు ఆడలేదు. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, 1962 అక్టోబరు 1 నుండి అమలు. దాని 3వ సెక్షను ప్రకారం తుపాకిని సంపాదించడానికి, దగ్గర ఉంచుకోవడానికి, మోయడానికి లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. మనిషి పోయిన నాటి నుండి అటక మీది ఆ ఇనుము లైసెన్సు లేని తుపాకే. 21వ సెక్షను ప్రకారం అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర గాని జమ చేయాలి. పద్నాలుగు నెలలు జాప్యం కాదని ఏ కోర్టులో చెప్పగలము?

ఆ సాయంత్రమే నేను, పెద్దోడు కలిసి తీసుకుపోయి అప్పగించాము. అక్కడి అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి, "పెద్దాయనా, కేసు కట్టాలంటే కట్టవచ్చు" అన్నాడు. కట్టలేదు. రసీదు రాసి ఇచ్చాడు. ఆ దయ మీద మా కుటుంబం గట్టెక్కింది గాని, నేను రాసిన పారికత్తు మీద కాదు. అదే 2019 డిసెంబరులో చట్టం సవరించి, లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకున్నందుకు కనీసం రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు జైలు అని పెంచారు. అంతకుముందు అది ఒకటి నుండి మూడేళ్లు.

ఇక్కడితో అయిపోతే ఈ ప్రసంగం అవసరం లేదు. పెద్దోడు తన పేరున లైసెన్సుకు అర్జీ పెట్టుకుంటానన్నాడు. మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాతపూర్వకంగా కావాలి. చిన్నోడు సంతకం పెట్టాడు. నడిపోడు పెట్టలేదు. బావి నీళ్ల తగవు ఒకటి ఉండేది. వాడు నా దగ్గరకు పారికత్తు నకలు తెచ్చి, "చిన్నాయనా, నువ్వే కదా ఉమ్మడి అని రాసింది. వాడొక్కని పేరున ఎట్లయితాది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ అన్నదమ్ములు ఇప్పటికీ ఒకరి గడప ఒకరు తొక్కరు. తుపాకికి గడువు దాటిపోయింది. గడువు లోపల తిరిగి తీసుకోనిది, అమ్ముకోనిది సర్కారుకు జప్తు అవుతుంది. దాని వెల ఏమంత? పాత ఇనుముకు వచ్చినంత వస్తుంది. కాని దాని కర్ర మీద మా నాయన కాల్చి వేసుకున్న పొడి అక్షరాలు రెండు ఉండేవి.

ఈ కథంతా మా మనవడికి ఫోనులో చెప్పాను. మా పెద్దమ్మాయి కొడుకు, టెక్సాసులో ఉంటాడు, అక్కడే పుట్టిన అమెరికా పౌరుడు. వాడికి గురి కాల్చే అలవాటు ఉంది. చెవులు పోకుండా తుపాకి చప్పుడు తగ్గించే సైలెన్సరు ఒకటి కొన్నాడట. వాడు నవ్వి, "తాతా, ట్రస్టు రాయాల్సింది. నాది ట్రస్టులోనే ఉంది" అన్నాడు. తుపాకికి ట్రస్టేమిట్రా అని అడిగితే గంటసేపు చెప్పాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. పాత అలవాటు.

అమెరికాలో మామూలు తుపాకులకు ఒక పద్ధతి. మెషిన్ గన్నులు, పొట్టి గొట్టపు తుపాకులు, సైలెన్సర్లు వంటివాటికి 1934 నాటి జాతీయ ఆయుధాల చట్టం ఉంది. ఒక్కొక్కటీ కేంద్ర ప్రభుత్వంలో నమోదు కావాలి. బదిలీకి 200 డాలర్ల పన్ను. 1934లో పెట్టిన ఆ 200 తొంభై ఏళ్లు మారలేదు. ఇప్పుడు 2025లో చేసిన చట్టం వల్ల 2026 జనవరి 1 నుండి సైలెన్సర్లకు, పొట్టి తుపాకులకు సున్నా అయింది. మెషిన్ గన్నులకు అలాగే ఉంది. పన్ను పోయినా నమోదు పోలేదు.

ఎవరి పేరున నమోదయితే వాళ్లే దగ్గర ఉంచుకోవాలి. భార్య దగ్గర పెట్టె తాళం చెవి ఉన్నా చిక్కే. అందుకని ట్రస్టు పేరున నమోదు చేస్తారు. రాసేవాడు ఒకడు, ట్రస్టీలు కొందరు, తర్వాత దక్కించుకోవలసిన లబ్ధిదారులు, వెనుక ఆస్తి జాబితా. ట్రస్టీలు ఎవరైనా ఆ వస్తువును ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు. రాసినవాడు పోయినా ట్రస్టు పోదు. వారసత్వంగా లబ్ధిదారుకు ఇచ్చేటప్పుడు పన్ను లేని ఫారం వేరే ఉంది.

సవరణ సంగతి కూడా అడిగాను. పత్రంలోనే సవరించే అధికారం నిలుపుకొని రాస్తారు. మా వాడికి పెళ్లయింది. భార్యను ట్రస్టీగా చేరుస్తూ సవరణ పత్రం రాసి నోటరీ ముందు సంతకం పెట్టాడు. అర్జీ పెండింగులో ఉండగా ఎవరినైనా చేరిస్తే వాళ్ల వివరాలు కూడా పంపాలి కాబట్టి, అనుమతి వచ్చేదాకా ఆగి చేర్చాడట. ఆ తర్వాత మరొక వస్తువు కొనేటప్పుడు మాత్రం ఆమె వేలిముద్రలు, ఫోటో కూడా పోవాలి. అసలు 2016 జూలై 13 దాకా ట్రస్టు పేరున అడిగితే వేలిముద్రలు, స్థానిక పోలీసు అధికారి సంతకం అవసరం లేకపోయేవి. ఆ సందు కోసమే చాలామంది ట్రస్టులు రాశారు. ఆ రోజు నుండి ట్రస్టులో బాధ్యత గల ప్రతి ఒక్కరూ వేలిముద్రలు ఇవ్వవలసిందే. సందు ఎక్కడుంటే జనం అక్కడే దూరుతారు, సర్కారు వచ్చి అక్కడే గోడ కడుతుంది. ఏ దేశమైనా అంతే.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. మీ పిల్లలు అక్కడ హెచ్-1బి వంటి వీసా మీద ఉంటే, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వాళ్లు తుపాకి గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం నేరం. స్నేహితుడి ట్రస్టులో పేరు రాయించుకున్నా ఆ నిషేధం పోదు. ఫోను చేసినప్పుడు చెప్పండి.

మరి మన దేశంలో ఆ పని చేయవచ్చునా? నేను మళ్లీ పుస్తకాలు తీశాను. మన ట్రస్టుల చట్టం 1882 నాటిది. దాని 8వ సెక్షను ప్రకారం ట్రస్టులో పెట్టే ఆస్తి లబ్ధిదారుకు బదిలీ చేయదగినదై ఉండాలి. లైసెన్సు లేనివాడికి తుపాకి బదిలీ చేయకూడదని ఆయుధాల చట్టం చెబుతుంది. అందుచేత మనవడి ఉపాయం ఇంటి తుపాకికి ఇక్కడ పనికిరాదు. పొరుగున కొడగులో కొడవలకు, జమ్మా భూములు గల వారికి లైసెన్సు మినహాయింపు బ్రిటిషు కాలం నుండి ఉంది. దాన్ని 2029 దాకా పొడిగించారు, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. అది వాళ్ల సంగతి. మనకు వర్తించదు.

ఇల్లు, పొలానికి ట్రస్టు రాసుకునే వాళ్లు మాత్రం మనవడి మాట పట్టుకోవాలి. స్థిరాస్తికి రిజిస్టరు పత్రం కావాలి. రద్దు చేసే అధికారం, ట్రస్టీలను మార్చే అధికారం మీకు నిలుపుకుంటున్నట్టు మొదటి పత్రంలోనే స్పష్టంగా రాయించండి. అలా రాయకపోతే 78వ సెక్షను కింద రద్దుకు లబ్ధిదారులందరి సమ్మతి కావాలి. వాళ్లలో ఒకడు మా నడిపోడి లాంటివాడు అయితే మీ ఇల్లు మీ చేతిలో ఉండదు.

తుపాకికి ఉన్న దారి వేరు. 2016 ఆయుధాల నియమాలలో 25వ నియమం చూడండి. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి ఇరవై ఐదేళ్లు దగ్గర ఉన్నా, ఏది ముందైతే అది, ఆయన బతికి ఉండగానే తన వారసుని పేరు చెప్పి ఆ వారసునికి లైసెన్సు ఇమ్మని కోరవచ్చు. ఈ సభలో డెబ్బై దాటనివాళ్లు తక్కువే గనుక చెబుతున్నాను. మా అన్న 2018 నాటికి డెబ్బై దాటినవాడే, తుపాకి ఇరవై ఐదేళ్లకు మించి ఉన్నదే. రెండేళ్ల కిందటే వచ్చిన నియమం నాకు తెలియలేదు. 2008లో పదవీ విరమణ చేశాక గెజిట్లు చూడటం మానేశాను. అన్న ఎదుట కొడుకులు ముగ్గురూ ఒక్క మాట మీద సంతకం పెట్టేవాళ్లు. ఆయన పోయాక పెట్టలేదు.

ఇవ్వవలసిన వారసునికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. అర్జీ, పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం మామూలే. వచ్చిన లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకు చెల్లుతుంది. ఒక మనిషికి రెండు తుపాకులకు మించరాదు, వారసత్వంగా వచ్చినా సరే. బాగు చేసినా పేలని, గోడకు తగిలించిన తాతల నాటి తుపాకి అయితే 45వ సెక్షను మినహాయిస్తుంది గాని, పేలదని మీరే తేల్చుకోకండి. చూపించి రాయించుకోండి.

వీలునామాలో రాసేవాళ్లు "నా తుపాకి నా కొడుకులకు" అని రాయవద్దు, "ఉమ్మడి" అన్న మాట అసలే వద్దు. నేను చనిపోయిన వెంటనే జమ చేయవలెను, ఫలానా వారసుడు లైసెన్సుకు అర్జీ పెట్టుకోవలెను, అతనికి రాని పక్షంలో లైసెన్సు గల వ్యాపారికి అమ్మి వచ్చిన సొమ్ము ఇలా పంచుకోవలెను అని రాయండి. తుపాకి పంచలేము, సొమ్ము పంచవచ్చు. జమ రసీదు జాగ్రత్త చేయండి. మా రసీదు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఎందుకు దాచానో నాకే తెలియదు.

భోజనాల తర్వాత నేను వేపచెట్టు కింద కూర్చుంటాను. ఎవరికైనా అర్జీ రాసి పెట్టాలంటే రాసి పెడతాను, నా దస్తూరి ఇంకా చెడలేదు. లైసెన్సు పుస్తకాలు, ఆధారు, వారసుల వివరాలు తెచ్చుకోండి. తుపాకులు మాత్రం ఇంట్లోనే ఉంచి రండి.