యువజనోద్యమము - ఊరి కథ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవమనగా ఇరువదియైదేండ్ల లెక్క చూచుకొను దినము. పుస్తకములెన్ని, చందాదారులెందరు అను లెక్క కార్యదర్శి నివేదికలో ఉండును. అందులో చేరని లెక్క మరియొకటి కలదు. గ్రంథాలయమున చదివిన యువకులు ఊరికి తిరిగి ఏమి ఇచ్చిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రెండవ ప్రపంచయుద్ధ కాలమున, తదనంతరమున ఆంధ్రదేశమున సాగిన వామపక్ష యువజనోద్యమమును స్మరించుట ఉచితము.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1936లో లక్నోలో అఖిల భారత విద్యార్థి ఫెడరేషను ఏర్పడినది. పఠనమందిరములలో పత్రికలు చదివిన పల్లె యువకులెందరో ఈ కొత్త గాలిని పీల్చిరి. అయితే వారికి ఒక చిక్కు ఎదురాయెను. నూటికి ఎనుబదిమందికి పైగా అక్షరము రాని కాలమది. పుస్తకములోని మాట పొలములోని మనిషికి చేరుటెట్లు?

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘము స్థాపితమైనది. ఆంధ్రలో డాక్టరు గరికపాటి రాజారావు మొదలగువారు ప్రజానాట్యమండలిని నడపిరి. వారు కొత్త కళను పట్నము నుండి దిగుమతి చేయలేదు. జంగముకథగా పల్లెలెరిగిన బుర్రకథనే చేపట్టిరి. నడుమ తంబుర మీటుచు కథకుడు, ఇరుప్రక్కల వంతలు. ఒక వంత హాస్యమునకు, మరియొక వంత లోకము పోకడను ప్రశ్నించుటకు. పన్ను, అప్పు, కరువు అన్నియు ఆ రెండవ వంత నోట కథలోనికి వచ్చెను.

ఈ కళకు వన్నె తెచ్చినవారు షేక్ నాజరు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద కుటుంబమున జన్మించిరి. 1943 నాటి వంగదేశపు కరువును వారు కథగా చెప్పిరి. ఆ కరువున సుమారు 30 లక్షలమంది మరణించిరని చరిత్రకారుల అంచనా. మోటూరు ఉదయము గారి వంటి స్త్రీలు సైతము జట్టుగా ఏర్పడి బుర్రకథలు చెప్పిరి. స్త్రీ వేదికనెక్కుటయే తప్పని తలచిన ఆ దినములలో అది సామాన్యమైన సాహసము కాదు.

నాజరు చెప్పిన కథలలో పల్నాటి యుద్ధము ప్రసిద్ధమైనది. ఈ సీమవారికి అది పరాయి కథ కాదు. మాచెర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టిన చాపకూడు, మాలకులమున పుట్టిన కన్నమదాసు వీరత్వము, కారెంపూడి రణరంగమున ఇరుపక్షముల నాశనము పిల్లలకు సైతము తెలిసినవే. సమానత్వమను మాట పరదేశపు సరకని యెవరైన అనినచో, చాపకూడు ఈ నేలదే కదా అని చెప్పుటకు ఆ కథ చాలును.

ఆ యువకులు పొరబడలేదని కాదు. 1942లో దేశమంతయు క్విట్ ఇండియా అనుచుండగా కమ్యూనిస్టులు యుద్ధమును సమర్థించిరి. దాని వలన తోడివారి నిందకు పాత్రులైరి. స్వాతంత్ర్యానంతరము నిర్బంధము తీవ్రమైనది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన 'మా భూమి' నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. దళములు చెదరెను, కొందరు చెరసాలలకు, కొందరు అజ్ఞాతమునకు, కొందరు సినిమాలకు పోయిరి. మద్రాసు గ్రంథాలయ చట్టము వచ్చిన 1948వ సంవత్సరము ఆ నిర్బంధ కాలములోనిదే. ఒక చేత పుస్తకమునకు తలుపు తెరచిన ప్రభుత్వము, వేరొక చేత పాటకు తలుపు మూసినది.

సంఘము చెదరినను పాట మిగులుట ఇచ్చటి వింత మాత్రమే కాదు. హిట్లరు పాలనలో సుమారు 60 లక్షలమంది యూదులు హతులైరి. వారిలో పెక్కుమంది మాటాడిన యిద్దిషు భాషయే అంతరించునేమోయను భయము కలిగెను. అమెరికాకు వలసవచ్చిన యూదు కార్మికులు 1923లోనే న్యూయార్కు రాష్ట్రమున కిండర్‌లాండ్ అను వేసవి శిబిరమును పిల్లలకై నెలకొల్పియుండిరి. యుద్ధానంతరము అచ్చటి వామపక్షీయులు పిల్లలకు యిద్దిషు పాటలను, నాటకములను, వర్ణవివక్షను ఎదిరించు బుద్ధిని నేర్పుచు వచ్చిరి. ఆ పక్షపు యూదులకు అండయైన కార్మిక బీమా సంస్థపై కమ్యూనిస్టు ముద్ర వేసి, 1950లో న్యూయార్కు ప్రభుత్వము చర్య ప్రారంభించి, 1954 నాటికి దానిని మూయించెను. సంస్థ పోయెను, పిల్లల శిబిరము నిలిచెను.

ఇచ్చట నాజరు విషయమును అట్టిదే. ప్రభుత్వము శంకించిన కళకే 1986లో పద్మశ్రీ లభించినది. 1997లో వారు కన్నుమూసిరి. బుర్రకథ మాత్రము ఊరి తిరునాళ్ళలో వినవచ్చుచునే యున్నది.

కావున యువకులు గ్రహింపవలసినది ఇది. సంఘములు పుట్టును, గిట్టును. జెండాల రంగులు మారును. ఊరి భాషలో, ఊరి కళలో, ఊరి కష్టముపై చెప్పిన మాట నిలుచును. కక్షలకు పేరుపడిన ఈ సీమలో, కక్షలు ఇరువైపులవారిని కాల్చునని చెప్పు కథ ఊరిలోనే కలదు. దానిని కొత్తగా చెప్పగల యువకులు ఈ గ్రంథాలయపు బల్లల నుండి లేచినచో, రజతోత్సవపు లెక్క సరిపోవును.

స్వస్తి.