సృష్టికర్త బాధ్యత: ఫ్రాంకెన్‌స్టైన్ నుంచి రోబో దాకా

ఒకరి స్మృతిలో సమావేశమైనప్పుడు, మనిషి తాను చేసి వెళ్లిన పనికి ఎంతవరకు జవాబుదారీ అన్న ప్రశ్నను తలకెత్తుకోవడం ఉచితమని భావిస్తున్నాను. మేరీ షెల్లీ 1816లో, 18 ఏళ్ల వయసులో రాయడం మొదలుపెట్టి 1818లో వెలువరించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలకు ఈ ప్రశ్నే ప్రాణం. దేవుడి పనిలో మనిషి వేలుపెడితే వినాశనమే అన్నది ఆ నవల సారమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోలేను. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ నేరం ప్రాణం పోయడంలో లేదు, పోసిన ప్రాణాన్ని దిక్కులేకుండా వదిలేయడంలో ఉంది. సినిమా ఈ నేరాన్ని తరచుగా మరొకరి మీదికి నెట్టిందన్నది నా వాదన.

ఆధారాలు నవలలోనే ఉన్నాయి. ఇంగోల్‌స్టాట్‌లో చదువుకుంటూ విక్టర్ దాదాపు ఎనిమిది అడుగుల మనిషిని తయారుచేస్తాడు. అది కళ్లు తెరవగానే ఆ వికృత రూపం చూడలేక గదిలోంచి పారిపోతాడు. మర్నాడు స్నేహితుడితో తిరిగొచ్చి, అది కనిపించకపోయేసరికి సంతోషంతో చప్పట్లు కొడతాడు. ఎక్కడికి పోయిందో వెతకడు, పేరైనా పెట్టడు. ఆ జీవి మాత్రం డి లేసీ అనే కుటుంబం ఇంటిని ఆనుకున్న పాకలో దాక్కుని, గోడ సందులోంచి చూస్తూ మాటలు నేర్చుకుంటుంది. రాత్రిళ్లు వాళ్లకు కట్టెలు తెచ్చిపెడుతుంది. వాళ్లూ తరిమేస్తారు. నీళ్లలో కొట్టుకుపోతున్న ఒక పిల్లను కాపాడితే తుపాకీతో కాలుస్తారు. హత్యలు మొదలయ్యేది ఇన్ని తిరస్కారాల తర్వాతే. విక్టర్ తమ్ముడు విలియం హత్యానేరం ఆ ఇంట్లో పనిచేసే జస్టీన్ మీద పడుతుంది. ఆమె నిర్దోషి అని విక్టర్‌కు తెలుసు. నిజం చెబితే పిచ్చివాడంటారని ఊరుకుంటాడు. ఆమెను ఉరితీస్తారు. బాధ్యత ఎగ్గొట్టినవాడి మౌనం ముక్కూమొహం తెలియని ప్రాణిని దాటి, ఇంటిమనిషినే బలితీసుకుంది.

1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో ఒక కొత్త సంగతి చేరింది. సహాయకుడు ఫ్రిట్జ్ మంచి మెదడున్న సీసా జారవిడిచి, నేరస్థుడి మెదడు తెచ్చిస్తాడు. నవలలో ఇది లేదు. ఈ ఒక్క మార్పుతో చెడు, ఆదరణ లేకపోవడం వల్ల కాక, వాడిన సరుకులోంచే వచ్చినట్టయింది. నవలలో పిల్లను నీళ్లలోంచి పైకి తీసిన జీవి, సినిమాలో పువ్వులా తేలుతుందనుకుని ఒక చిన్నారిని చెరువులోకి విసురుతుంది. చివరికి జీవి తగలబడే గాలిమరలో చిక్కుకుంటుంది, శాస్త్రవేత్త ఇంట్లో కోలుకుంటూ ఉంటాడు. మేరీ షెల్లీ అతణ్ని అంత తేలిగ్గా వదల్లేదు. ధ్రువ సముద్రంలో, ఓడ మీద, అయినవాళ్లను దాదాపు అందరినీ పోగొట్టుకున్నాకే చావు రాసింది.

మన ప్రేక్షకులకు బాగా తెలిసిన శంకర్ ‘రోబో’లోనూ (2010) ఈ దారే కనిపిస్తుంది. సైన్యం ముందు పరీక్షలో తప్పిన చిట్టి అనే రోబోను దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్తే కోపంతో నరికి చెత్తకుప్పలో పారేయిస్తాడు. విక్టర్ చేసిన తప్పు ఇక్కడ స్పష్టంగా తెరమీదికొచ్చింది. కానీ ఆ వెంటనే బోరా అనే మరో శాస్త్రవేత్త అమర్చిన ఎర్ర చిప్ నేరమంతా తన మీద వేసుకుంటుంది. నాటి మెదడు సీసా చేసిన పనే అది. కథాంతంలో శిక్ష చిట్టికే. రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’ (1982) అలాంటి సాకు వెతకలేదు. నాలుగేళ్ల ఆయుష్షుతో తయారైన కృత్రిమ మనిషి రాయ్ బాటీ తన సృష్టికర్త టైరెల్ ముందు నిలబడి ఇంకొంత జీవితం అడుగుతాడు. టైరెల్ అది ఎందుకు కుదరదో శాస్త్రీయంగా వివరిస్తాడు, నీ పనితనం గొప్పదని మెచ్చుకుంటాడు. తన వంతు తప్పును మాత్రం ఒప్పుకోడు.

నా వాదనకు రెండు అభ్యంతరాలున్నాయి. మంచిచెడ్డలు తెలిసీ హత్య చేసిన జీవి తప్పుకు విక్టర్‌ను నిందించడమేమిటన్నది మొదటిది. మిల్టన్‌ను, ప్లూటార్క్‌ను చదివిన జీవి తన నేరాలకు తానే జవాబుదారీ, నవల చివర తనను తాను నిందించుకుంటుంది కూడా. కానీ ఒకరి బాధ్యత రుజువైనంత మాత్రాన రెండోవారిది రద్దు కాదు. జోడీని చేసివ్వమని జీవి అడిగినప్పుడు, సగం చేసి నాశనం చేసిన విక్టర్ మానవజాతిని కాపాడాడు కదా అన్నది రెండోది. ఇది బలమైన వాదనే. ఆ జాతి పెరిగితే ఏమవుతుందన్న భయం న్యాయమైనదే. అయితే ఆ ఇరకాటం తొలిరాత్రి పారిపోవడం వల్ల వచ్చిపడింది. దగ్గరుండి ఆదరించినవాడికి అలాంటి బేరం ఎదురయ్యేది కాదు. మరణశయ్య మీద విక్టర్ సైతం, ఆ జీవి సుఖానికి తాను బద్ధుణ్నని ఒప్పుకున్నాకే, మానవుల పట్ల కర్తవ్యం అంతకంటే పెద్దదని చెప్పుకున్నాడు.

ఆలోచించే యంత్రాల గురించి ఇకముందు మన భాషలో కథలు, సినిమాలు ఇంకా వస్తాయి. వాటిని రాసేవారికి, తీసేవారికి నా విన్నపం ఒక్కటే. చెడ్డ మెదడునో, చెడ్డ చిప్‌నో వెతికే ముందు, ప్రాణం పోసిన మర్నాడు సృష్టికర్త ఏం చేశాడో చూపించండి. మేరీ షెల్లీ రెండు వందల ఏళ్ల కిందటే ఆ పని చేసింది. మనం అంతకంటే తక్కువతో సరిపెట్టుకోకూడదు.